నీలం ఎగిరిపోయిన ఏడాది

నిలిచే బొమ్మ – ధారావాహిక, 9వ భాగం

గత భాగంలో 1970ల, 80ల నాటి కలర్ ఫొటోల సంగతి చెప్పుకున్నాం. వెలుగు సోకకుండా బీరువాలో దాచినా వాటిలో సయాన్, అంటే ఆకాశనీలం రంగు, తనంతట తానే కరిగిపోతూ వచ్చింది. పెళ్లిపందిరి, పురోహితుడు, పట్టుచీరలు అన్నీ కలిసి ఒకే ఎర్రజీరలోకి దిగాయి. అందుకు పదిహేను ఇరవై ఏళ్లు పట్టింది. ఈసారి కథ ఇంక్‌జెట్ ప్రింటర్లది. ఇక్కడా ముందు పోయింది నీలమే. కాకపోతే 2000 సంవత్సరంలో కొందరి ఇళ్లలో అది పోవడానికి కొన్ని వారాలు చాలాయి.

ఆ ఏడాది జపాన్ కంపెనీ సెయికో ఎప్సన్ రెండు ఫొటో ప్రింటర్లు వదిలింది: స్టైలస్ ఫొటో 870, దాని పెద్దన్న 1270. అమెరికాలో 1270 ధర 499 డాలర్లు. ఆరు రంగులు, నాలుగు పికోలీటర్ల చుక్క. లీటరు సిరాతో అలాంటి చుక్కలు పాతిక వేల కోట్లు వేయొచ్చు. కంటికి చుక్క కనబడదు. పదమూడు అంగుళాల వెడల్పు కాగితం మీద స్టూడియో ప్రింటుకు దీటైన బొమ్మ వచ్చేది. అంతకు ముందు ఇంక్‌జెట్ ఫొటో ఒకటి రెండేళ్లకే వెలిసిపోతుందని అందరికీ తెలుసు. ఈసారి కంపెనీ ఆ బెంగ కూడా తీర్చానంది. కొత్త సిరాతో, కొత్త గ్లాసీ కాగితం మీద ఫొటో సుమారు పదేళ్లు, మందపాటి మాట్ కాగితం మీద పాతికేళ్లు వెలుగుకు తట్టుకుంటుందని చెప్పింది. ఔత్సాహికులు ఎగబడి కొన్నారు.

వేసవి వచ్చేసరికి ఫిర్యాదులు మొదలయ్యాయి. గోడకు అంటించిన ఫొటోలో ఆకాశం నారింజ రంగుకు తిరిగింది. బూడిదరంగు కోటు ఇటుకరంగు కోటయింది. కొందరి ఇళ్లలో నెలల్లో, కొందరి ఇళ్లలో వారాల్లో, ఒకరిద్దరైతే రోజుల్లోనే అన్నారు. వింతేమిటంటే అదే ప్రింటరు, అదే సిరా, అదే కాగితం వాడిన మరొకరి ఇంట్లో ఫొటో చెక్కుచెదరలేదు. నీడలో ఉన్నదీ పోయింది, కిటికీ పక్కన ఉన్నదీ నిలిచింది. వెలుగే శత్రువనుకున్న వాళ్లకు ఈ లెక్క తేలలేదు.

అసలు ఇంక్‌జెట్‌ను ఫొటోకు వాడాలన్న ఆలోచన ఎక్కడిదో కాస్త వెనక్కి వెళ్లి చూడాలి. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ హెల్మట్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త సిరాను ఆపకుండా సన్నటి ధారగా చిమ్మి, విద్యుత్తుతో దారి మళ్లించే పద్ధతి కనిపెట్టాడు. గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే ఎకోకార్డియోగ్రఫీని ఇంగే ఎడ్లర్ అనే వైద్యుడితో కలిసి మొదలుపెట్టినదీ ఈయనే. ఆ ధార పద్ధతి మీద అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఐరిస్ గ్రాఫిక్స్ అనే కంపెనీ పెద్ద యంత్రాలు చేసింది. కళ కోసం కాదు. పత్రికలు, క్యాటలాగులు అచ్చుకు వెళ్లే ముందు రంగులెలా వస్తాయో చూసుకునే ప్రూఫు కోసం. ప్రూఫు బతకాల్సింది కస్టమరు సంతకం పెట్టేదాకా. ఆ తర్వాత అది చెత్తబుట్టలోకే. కాబట్టి ఆ సిరాకు నిలకడ ఉండాలని ఎవరూ కోరలేదు, ఎవరూ పెట్టలేదు.

అలాంటి యంత్రం ఒకదాన్ని గాయకుడు గ్రాహమ్ నాష్ 1,26,000 డాలర్లు పోసి కొన్నాడు. క్రాస్బీ, స్టిల్స్ అండ్ నాష్ బృందంలోని నాషే. ఆయనకు ఫొటోల పిచ్చి. 1990లో తన పాత ఫొటోల సేకరణను వేలంలో అమ్మేసి, 1991లో మిత్రుడు మాక్ హోల్బర్ట్‌తో కలిసి కాలిఫోర్నియాలోని మాన్‌హట్టన్ బీచ్‌లో నాష్ ఎడిషన్స్ తెరిచాడు. మందపాటి వాటర్‌కలర్ కాగితం యంత్రంలో దూరకపోతే హెడ్ దగ్గర అడ్డొచ్చిన భాగాన్ని రంపంతో కోసి పారేశారు. వారంటీ అక్కడితో సరి. బొమ్మలు మాత్రం అద్భుతంగా వచ్చాయి. గ్యాలరీలు వేల డాలర్లకు అమ్మాయి, కొన్నేళ్లకే రంగులు దిగసాగాయి. డబ్బు పోసి కొన్న కళాఖండం కళ్లముందే పాలిపోతుంటే కొన్నవాడు ఊరుకోడు. నిలిచే సిరా కావాలన్న ఒత్తిడి ఇంటి ప్రింటర్ల కన్నా ముందు గ్యాలరీల నుంచే వచ్చింది. నాష్ ఐరిస్ యంత్రం 2005లో స్మిత్‌సోనియన్ అమెరికన్ చరిత్ర మ్యూజియానికి చేరింది.

ఈ కథలో రెండో పాత్రధారి హెన్రీ విల్‌హెల్మ్. 1960ల్లో పీస్ కోర్ అనే అమెరికా స్వచ్ఛంద సేవా సంస్థ కార్యకర్తగా బొలీవియాలో పనిచేస్తున్నప్పుడు తేమ నేలల్లోని కుటుంబాల ఫొటోలు పాడైపోవడం చూశాడు. అప్పుడు పట్టుకున్న పట్టు ఇక వదల్లేదు. అయోవా రాష్ట్రంలో గ్రిన్నెల్ అనే చిన్న ఊళ్లో కూర్చుని ఫొటోల ఆయుష్షు కొలవడమే పనిగా పెట్టుకున్నాడు. 1993లో కలర్ ఫొటోల శాశ్వతత్వం గురించి ఆయన తెచ్చిన పుస్తకం 744 పేజీలు. అందులో పెద్ద పెద్ద ఫిల్ము కంపెనీల పేర్లు పెట్టి మరీ ఏది ఎన్నేళ్లకు పోతుందో చెప్పాడు. దాంతో కంపెనీలకు ఆయన లెక్క అవసరమైంది. 2000 నాటికి ఫొటో ప్రింటరు అమ్మేవాడు ఆయన పరీక్షలో వచ్చిన ఏళ్లనే పెట్టె మీద అచ్చు వేసుకునేవాడు.

ఆ లెక్క ఎలా వేస్తారో దగ్గర నుంచి చూడటం మంచిది, ఎందుకంటే గొడవంతా అందులోనే ఉంది. ఫొటోను 35,000 లక్స్ (లక్స్ అంటే వెలుగు తీవ్రతకు కొలమానం) ఫ్లోరసెంట్ వెలుగు కింద రాత్రింబవళ్లు ఉంచుతారు. అంటే రోజుకు 8,40,000 లక్స్-గంటలు. ఇంట్లో గోడ మీది ఫొటోకు రోజుకు 12 గంటల పాటు 450 లక్స్ పడుతుందని ఒక అనుకోలు. అది 5,400 లక్స్-గంటలు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 155 చిల్లర. పరీక్షలో ఒక రోజు ఇంట్లో 155 రోజులకు సమానమన్న మాట. పదేళ్లు తేల్చడానికి ఇరవై మూడు, ఇరవై నాలుగు రోజులు చాలు. వందేళ్లకు 235 రోజులు. రంగు ఎంత తగ్గితే పోయినట్టో ముందే గీత గీసుకుని ఉంటారు, ఆ గీత దాటేదాకా కొలుస్తూ పోతారు.

పద్ధతి నిజాయితీగానే ఉంది. మెలిక ఎక్కడంటే, ఆ ఇరవై నాలుగు రోజుల్లో వెలుగును 155 రెట్లు పెంచారు, గాలిని పెంచలేదు. ఫొటోకు పదేళ్ల వెలుగు తగిలింది గానీ తగిలిన గాలి ఇరవై నాలుగు రోజులదే. పైగా ఆ ఏళ్ల లెక్క గాజు చట్రంలో బిగించిన ఫొటోకు. కొన్నవాళ్లు ఫొటోను ఫ్రిజ్ తలుపుకు, ఆఫీసు గోడకు పిన్నుతో గుచ్చారు.

గుట్టు విప్పడంలో వాడకందార్ల పాత్ర చిన్నది కాదు. కొందరు ఒకే ఫొటోను మూడు ప్రతులు తీసి ఒకటి గాజు కింద, ఒకటి సొరుగులో, ఒకటి తిరుగుతున్న ఫ్యాను ముందు పెట్టి చూశారు. మొదటి రెండూ బాగున్నాయి. ఫ్యాను ముందుది నారింజకు తిరిగింది. ప్రయోగశాల అక్కర్లేకుండా ఇంతకన్నా మంచి ప్రయోగం ఎవరు చేస్తారు? శత్రువు గాలిలో ఉంది. గాలి ఎంత కదిలితే అంత తొందరగా తింటోంది. చివరికి తేలిన పేరు ఓజోన్. ఆకాశంలో ఎత్తున ఉండి మనల్ని కాపాడే ఓజోనే నేలమట్టాన వాహనాల పొగ, ఎండ కలిసిన చోట పుడుతుంది. జిరాక్స్ యంత్రాలు, కొన్ని రకాల గాలి శుద్ధి యంత్రాలు కూడా వదులుతాయి. వంద కోట్ల పాళ్ల గాలిలో అది మామూలుగా పదుల పాళ్లకు మించదు. ఆ కాస్తే చాలింది. ఊరిని బట్టి, ఇంటిని బట్టి ఫలితం ఎందుకు మారిందో కూడా దీంతో తేలిపోయింది.

సిరా ఒక్కదాన్నే తప్పుపట్టడానికి లేదు. కాగితమూ పాలుపంచుకుంది. అంతకు ముందు గ్లాసీ కాగితాల మీద జెలటిన్ లాంటి పూత ఉండేది. సిరా పడగానే ఉబ్బి, దాన్ని లోపలికి మింగి, మళ్లీ మూసుకునేది. ఆరడానికి చాలా సేపు పట్టేది, తడివేలు తగిలితే మరక. జనం విసుక్కున్నారు. కొత్త కాగితం మీద సిలికా, అల్యూమినా నలుసుల పూత. నలుసుల మధ్య కంటికి కనబడని రంధ్రాలు కోటానుకోట్లు. సిరా చుక్క పడీపడగానే రంధ్రాల్లోకి దిగిపోతుంది. ప్రింటు చేతికొచ్చేసరికే ఆరి ఉంటుంది. అయితే ఆ రంధ్రాలు మూసుకోవు. సిరా దిగిన దారినే గాలీ దిగుతుంది. ఆరడం తొందరైంది, చావడమూ తొందరైంది. ఆ తర్వాత ఎప్సన్ ఆ గ్లాసీ కాగితాన్ని మార్చి మళ్లీ తెచ్చింది. ఉబ్బే రకం పూతతో కలర్‌లైఫ్ పేరిట ఇంకో కాగితమూ దింపింది.

ఇప్పుడు ఆ నీలం పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి, ఈ భాగం రాయడానికి నాకు అసలు ఉత్సాహం ఇచ్చింది అదే. 1928లో స్కాట్లాండ్‌లోని గ్రాంజ్‌మౌత్‌లో స్కాటిష్ డైస్ కర్మాగారంలో ఒక పాత్ర లోపలి గాజుపూత పగిలి, లోపలున్న రసాయనానికి ఇనుము తగిలింది. తెల్లగా రావాల్సిన సరుకులో నీలపు మరకలు. ఎవరైనా పారబోసేవారే, అక్కడివాళ్లు దాచి పరీక్షించారు. అంతకు ముందు ఏడాదే స్విట్జర్లాండ్‌లోని ఫ్రైబూర్గ్‌లో ఇద్దరు రసాయనవేత్తలు ఇంకేదో చేయబోతే రాగితో కూడిన అలాంటి నీలమే చేతికొచ్చింది. ఆమ్లం పోసినా, వేడి చేసినా చలించడం లేదని ఆశ్చర్యపోయి రాసుకున్నారు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో పాట్రిక్ లిన్‌స్టెడ్ దాని నిర్మాణం విప్పాడు: నడుమ లోహం, చుట్టూ ఉంగరంలా అల్లుకున్న కర్బన, నత్రజని పరమాణువులు. రాగి రకం 1935లో మోనాస్ట్రల్ బ్లూ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. దీన్నే కాపర్ థాలోసయనిన్ అంటారు. కార్ల రంగులు, ప్లాస్టిక్కులు, అచ్చు సిరా, నీలం ఎక్కడున్నా చాలావరకు ఇదే. ఎండకు, వానకు ఏళ్ల తరబడి నిలబడే రంగు ఇది.

మరి ఓజోన్ తిన్న ఆ ప్రింటరు సిరాలోని సయాన్ ఏమిటి? అదే. కాపర్ థాలోసయనినే.

నమ్మడానికి కష్టంగానే ఉంటుంది. తేడా అంతా దాన్ని నీళ్లలోకి దింపిన తీరులో ఉంది. సహజంగా అది నీళ్లలో కరగదు. కరిగించడానికి దాని ఉంగరం అంచున సల్ఫోనిక్ ఆమ్లపు గుంపులు తగిలిస్తారు. అప్పుడది డై అవుతుంది. కరగనివ్వకుండా నూరి, మైక్రాన్‌లో పదో వంతు ఉండే గింజలుగా నీళ్లలో తేలేటట్టు చేస్తే పిగ్మెంట్. నీళ్లలో ఉప్పు కరిగిపోయినట్టు డై, పసుపు కలిసి తేలుతున్నట్టు పిగ్మెంట్. డైలో ప్రతి అణువూ ఒంటరిగా కాగితపు రంధ్రపు గోడకు అంటుకుని ఉంటుంది. ఓజోన్ వచ్చి ఆ ఉంగరాన్ని ఒకచోట తెంచితే చాలు, రంగు మాయం. పిగ్మెంట్ గింజలో అణువులు వేలకు వేలు ఒకదాని మీద ఒకటి స్ఫటికంగా పేర్చుకుని ఉంటాయి. పై పొర పోయినా లోపలివి పదిలం. ఒకే రసాయనం ఒక రూపంలో వారాల్లో పోయి, ఇంకో రూపంలో తరాలు నిలవడం రంగుల చరిత్రలో అరుదైన ముచ్చట.

సయాన్ పోతే మిగిలేది మెజెంటా, పసుపు. రెండూ కలిస్తే నారింజ. ఫిర్యాదుల్లోని నారింజ ఆకాశానికి ఇంతకన్నా రహస్యం లేదు.

పిగ్మెంట్ ఇంత మంచిదైతే ముందే ఎందుకు వాడలేదు? వాడకపోవడానికి కారణాలున్నాయి. ప్రింటరు హెడ్‌లోని నాజిల్ రంధ్రం 20–30 మైక్రాన్లు. అందులోంచి గింజలు సెకనుకు వేలసార్లు దూకాలి, గడ్డకట్టకూడదు, కార్ట్రిడ్జి అడుగున పేరుకోకూడదు. కానన్, హెచ్‌పీ యంత్రాల్లో సిరాను వేడి చేసి బుడగ పుట్టించి చిమ్ముతారు. ఆ వేడికి గింజలు హీటరు మీద మాడి పేరుకునే బెడద ఉంటుంది. ఎప్సన్‌ది విద్యుత్తు ఇస్తే వంగే స్ఫటికంతో నొక్కే పద్ధతి. వేడి లేదు కాబట్టి ఆ కంపెనీకి దారి కొంత సులువైంది. ఆ సులువును అది వాడుకుంది కూడా. 1270 వచ్చిన ఆ 2000లోనే, 2000పీ అనే పిగ్మెంట్ ప్రింటరు కూడా తెచ్చింది. ధర 899 డాలర్లు. ఆయుష్షు 200 ఏళ్లన్నారు. ఇందాకటి లెక్కన 200 ఏళ్లంటే దీపాల కింద 469 రోజులు, ఏడాదీ మూడు నెలల పైచిలుకు.

ఒకే కంపెనీ, ఒకే ఏడాది: ఒక పెట్టెలో వారాలకు పోయే నీలం, ఇంకో పెట్టెలో తరాలు నిలిచే నీలం. జనం మాత్రం మొదటిదాన్నే ఎక్కువ కొన్నారు, ఎందుకంటే రెండోదాని బొమ్మ కాస్త మసకగా ఉండేది. గింజలు వెలుగును చెదరగొడతాయి, డైకి ఉన్న మెరుపు రాదు. అంతకన్నా పెద్ద చికాకు ఇంకోటి. బల్బు వెలుతురులో సరిగ్గా కనబడిన బూడిదరంగు కిటికీ దగ్గరికి తీసుకెళ్తే పచ్చగా కనబడేది. నలుపు-తెలుపు ఫొటోలు తీసేవాళ్లయితే తలలు పట్టుకున్నారు.

దాన్ని సరిచేయడానికి కొన్నేళ్లు పట్టింది. 2002లో వచ్చిన స్టైలస్ ఫొటో 2200లో అల్ట్రాక్రోమ్ అనే కొత్త సిరాలు ఏడు, వాటిలో లేతనలుపు ఒకటి. బూడిదరంగును మూడు రంగులు కలిపి పుట్టించే బదులు నలుపుతోనే పుట్టిస్తే వెలుగు మారినా రంగు మారదు కదా. 2005లో కె3 పేరుతో నలుపులు మూడయ్యాయి. అక్కడితో పచ్చదనం గొడవ దాదాపు సద్దుమణిగింది. 2006లో హెచ్‌పీ, కానన్ కూడా పన్నెండేసి పిగ్మెంట్ సిరాల పెద్ద యంత్రాలతో రంగంలోకి దిగాయి. వేడి బుడగతోనూ పిగ్మెంట్‌ను చిమ్మవచ్చని నిరూపించాయి. తర్వాత అన్నిటికన్నా బలహీనమైన రంగు పసుపని తేలింది. 2015లో ఎప్సన్ ఆ పసుపునే మార్చి, కలర్ ఫొటోకు 200 ఏళ్లు, నలుపు-తెలుపుకు 400 ఏళ్ల వరకు అని ప్రకటించింది.

ఏళ్ల అంకెలు పెరుగుతున్న కొద్దీ వాటి వెనుక చేతివాటమూ పెరిగింది. కొడాక్ తన ఇంక్‌జెట్ కాగితానికి వందేళ్లకు పైగా ఆయుష్షు ప్రకటించుకున్నప్పుడు లెక్కకు తీసుకున్న ఇంటి వెలుగు 450 లక్స్ కాదు, 120. ఇళ్లలో సగటు వెలుగు అంతేనని దాని వాదన. వెలుగు లెక్క ఒక్కటే తీసుకుంటే కొడాక్ వందేళ్లు విల్‌హెల్మ్ కొలమానంలో ఇరవై ఏడేళ్ల దగ్గర ఆగుతాయి. రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి అంకెలు పోల్చిన కొనుగోలుదారుకు ఈ సంగతి తెలిసే దారే లేదు. నా మటుకు నేను 450నే నమ్ముతాను. మన హాల్లో కిటికీ ఎదుటి గోడ మీద పగలు పడే వెలుగు చూస్తే 120 మరీ చీకటి లెక్క. విల్‌హెల్మ్ విషయంలో ఒక మాట ఆయన పక్షాన చెప్పాలి: తర్వాత ఆయన సంస్థ నివేదికల్లో గాజు కింద, గాజు లేకుండా, చీకట్లో ఆల్బమ్‌లో అని వేరువేరు గడులతో పాటు ఓజోన్‌కూ ఒక గడి వచ్చింది. కొలవని దాన్ని కొలవడం మొదలుపెట్టారు.

మన ఊళ్ల సంగతికి వస్తే, పెళ్లి కరిజ్మా ఆల్బమ్‌లు ఎక్కువగా ల్యాబుల్లోనే తయారవుతాయి, వాటి కథ వేరు. కానీ స్టూడియోలో అప్పటికప్పుడు తీసిచ్చే పాస్‌పోర్టు ఫొటోలు, ఫ్రేముల కోసం వేసిచ్చే తాతయ్యల ఎన్లార్జిమెంట్లు చాలా చోట్ల ఆరు రంగుల ట్యాంకు ప్రింటర్ల మీదే వస్తాయి. ఆ ట్యాంకుల్లో సాధారణంగా ఉండేది డై సిరా. ధర కోసం లీటరు సీసాల్లో దొరికే పేరులేని సిరా పోస్తే, దాని ఆయుష్షు గురించి ఏ ప్రయోగశాలా మాట ఇచ్చి ఉండదు. పాస్‌పోర్టు ఫొటోకు ఇబ్బంది లేదు, దాని పని ఆరు నెలల్లో అయిపోతుంది. తాతయ్య ఫొటోకు అలా కుదరదు.

కాబట్టి పాఠకులకు కొన్ని మాటలు. పెద్దవాళ్ల ఫొటో ఫ్రేము కట్టించేటప్పుడు డై సిరానా, పిగ్మెంటా అని స్టూడియోలో అడగండి, అడిగితే చెప్తారు. పిగ్మెంట్ లేకపోతే ల్యాబుకు పంపి వేయించమనండి. ఏదైనా సరే, గాజు లేకుండా గోడకు తగిలించకండి, ఫ్యానుగాలి, ఏసీగాలి నేరుగా తగిలే చోట పెట్టకండి. ప్రింటు తీసిన వెంటనే ఫ్రేములో బిగించకుండా ఒక రోజు మామూలు కాగితం కప్పి ఆరనివ్వండి. ఫొటో వెనక పెన్సిలుతో తేదీ, సిరా రకం, కాగితం పేరు రాయించండి. అసలు ఫైలు కనీసం రెండు చోట్ల దాచండి. రంగు పోయినా మళ్లీ వేయించుకోవడానికి దిక్కు అదొక్కటే.

వచ్చే భాగంలో: అమెరికాలోని వెర్మాంట్‌లో ప్రింటరులోని రంగు సిరాలన్నీ తీసేసి నలుపు సిరాలే నింపిన జాన్ కోన్ కథ.

(సశేషం)